పిల్లోడి నంబరు

చెవికి తగిలించుకునే బ్లూటూత్‌లు కొత్తగా వస్తున్న రోజులవి. తిరుపతి నుంచి కాట్పాడి వెళ్లే ప్యాసింజర్లో ఎదుటి సీటు పెద్దాయన ఒక సెల్‌ఫోను, బ్లూటూత్ నా చేతిలో పెట్టాడు.

“పాట ఫోన్లోనే మోగతా ఉండాది, దీంట్లోకి రాలేదు. రొంత సూడప్పా.”

తీసేసి మళ్లీ కలిపి చూశాను. అది పాటలు వినిపించే రకం కాదు. ఫోన్ వస్తే మాటలు మాత్రమే వినిపిస్తుందని చెప్పాను.

ఆయన ముఖం వాడిపోయింది. “మా పిల్లోడిదిది. లారీ గుద్ది పోయినాడు. రేపు దినాలు. వానికి ఇష్టమైనవన్నీ సమాధి కాడ పెడతాము.”

మా విజయనగరం వైపు సమాధి దగ్గర అన్నం పెట్టడమే చూశాను.

“మాటలైతే వస్తాయి గదా?” అన్నాడు. “ఆడోళ్లు ఆడికి రాకూడదు. వాళ్లమ్మ ఇంటి కాడ్నించే మాట్లాడతాది.”

నా ఫోను తీసుకుని ఇంటికి చేసి, పిల్లోడి నంబరుకు చెయ్యమని భార్యకు చెప్పాడు. ఎలా వస్తుందో చూడమని బ్లూటూత్ నా చెవికే తగిలించాడు. మోగగానే బటన్ నొక్కాను.

“తిన్నావా నాయనా?” అందామె.

“ఇనపడతా ఉండాదా అప్పా?” ఆత్రంగా అడిగాడాయన.

నోరు తెరవకుండా తల ఊపాను.