అందరూ ఒకే పేజీలో రాయాలన్నాను

ఇక్కడ గల్ఫ్‌లో, మత్రాలో మా శుక్రవారం తెలుగు క్లాసు పిల్లల కోసం చిన్న ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. వాటిలో సాఫ్ట్‌వేర్ వేసే పని నాది. అందరూ ఒకే పేజీలో, ఒకరు కొట్టే అక్షరాలు ఇంకొకరికి కనిపిస్తుండగా రాసే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ కావాలని నేను, ఎవరి పేజీ వాళ్లకుండేది చాలని క్లాసు నడిపే శారదగారు. రాతలో సొంత ఆస్తి ఏమిటని వారం నుంచి గొడవపడుతున్నాను.

ఈ రోజు నేనన్న ఎడిటర్ పెట్టి, అందరినీ కలిసి ఒక కథ రాయమన్నాను. మిగతావాళ్లు టకటకా కొడుతుంటే, తొమ్మిదేళ్ల సహస్ర మాత్రం పక్కన నోట్‌ప్యాడ్ తెరిచి చాటుగా రాసుకుంటోంది. నాకు ఒళ్లు మండింది.

"అందరితో కలవవేం? దాచుకోడానికి ఏముంది అందులో?"

"తప్పులున్నాయి, అన్నా. దిద్దుకుని అప్పుడు పెడతా. నేను కొడుతుంటేనే చూసి నవ్వుతున్నారు."

శారదగారు నవ్వలేదు. "రేపు అన్ని ల్యాప్‌టాప్‌లలో వేసేయాలి బాబూ. ఏ ఎడిటర్ వెయ్యమంటావు?" అన్నారు.

కలిసి రాయడమే మంచిదని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ పిల్ల అన్నదీ న్యాయమే. ఈ పోస్టు మొదటి వాక్యం ఎన్నిసార్లు చెరిపి రాశానో మీలో ఒక్కరూ చూడలేదు కదా. ఏది వెయ్యమంటారో మీరే చెప్పండి.