ఓవెన్లో దాచిన మూట

మా నానమ్మ రెఫుహియోను వీధి వీధంతా గౌరవంగా దోన్యా కూకా అంటారు. మా ఊరు తోర్రెయోన్‌లో ఒక కుట్టుమిల్లులో ఇరవై ఆరేళ్ళు జీన్సు ప్యాంట్లకు వెనకజేబులు కుట్టింది. ముందుజేబు ఎలా కుడతారో ఆవిడకు ఇప్పటికీ తెలియదు. అడిగితే, "అది పక్క వరస వాళ్ళ పని" అంటుంది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి అందరం ఆవిడ ఇంట్లో తినేది బుదీన్. వారమంతా మిగిలిన మొక్కజొన్న రొట్టెలు ఒక వరస, ఎండుమిర్చి సాల్సా ఒక వరస, ఆపైన ఇంట్లో ఏముంటే అది, అన్నిటి మీదా మీగడ, జున్ను. అరగంట ఓవెన్లో పెడితే అయిపోతుంది. ఏముంటే అది అన్నది మాటవరసకు కాదు. కోడి ఉంటే కోడి, లేకపోతే చిక్కుడు గింజలు. ఒకసారి పెళ్ళి విందులోంచి సంచిలో తెచ్చిన పందిమాంసం వేసింది.

"పెళ్ళివాళ్ళు చూస్తేనో నానమ్మా?" అన్నాను.

"చూడ్డమేంటే? సంచి మూతి పట్టుకుంది వాళ్ళే."

ఈమధ్య ఆవిడ కుడిచెయ్యి వణుకుతోంది. పోయిన నెల ఉప్పు రెండుసార్లు పడింది. మా బాబాయి భార్య మరిసేలా పిన్ని నీళ్ళు తాగి తాగి చివరికి అనేసింది.

"అత్తయ్యా, ఈ వయసులో మీకెందుకీ శ్రమ? ఇకనుంచి ఆదివారాలు మా ఇంట్లో పెట్టుకుందాం."

"వచ్చేవారం ఒక్కసారి తిని చూడు. బాగోకపోతే నా గరిటె కూడా నువ్వే పట్టుకుపో" అంది నానమ్మ.

ఆ వచ్చేవారం రానే వచ్చింది.

మా వీధిలో ఓవెన్ అంటే గిన్నెల అలమర. నానమ్మ ఓవెన్లో మూకుళ్ళు, పెనాలు కలిపి ఏడు ఉంటాయి. ఆదివారం వాటిని బయటికి తీసి తన మంచం మీద పేర్చి, అప్పుడు వెలిగిస్తుంది. శనివారం వంటగదిలోకి చీమలు వచ్చాయి. రొట్టెల మూటను చీమలకు అందకుండా ఓవెన్లో పెద్ద మూకుడు వెనక దాచింది. ఆదివారం ఏడు గిన్నెలూ లెక్కపెట్టి మరీ తీసింది. మూట గిన్నె కాదు కాబట్టి లెక్కలోకి రాలేదు. ఓవెన్ వెలిగించి, బల్ల దగ్గర కూర్చుని ఉడికిన కోడిని పీచులుగా చీల్చసాగింది.

"నానమ్మా, మాడు వాసన."

"పక్కింటి నికొలాసా వంటగదిలోంచే. అది నీళ్ళు కాచినా మాడుస్తుంది."

"వాళ్ళు వారం నుంచి ఊళ్ళో లేరుగా."

నానమ్మ లేచింది.

మూట బయటికి వచ్చింది. గుడ్డ ఒక అంచు నల్లబడింది. పైపై రొట్టెలు ఎర్రగా వేగి పెంకుల్లా బిగిసిపోయాయి, మధ్యవి మెత్తగానే ఉన్నాయి. టైము రెండుంపావు. ఆదివారం రొట్టెల కొట్టు రెండింటికే మూసేస్తారు.

"గరిటె ఇస్తే ఇచ్చావు గానీ, ఈ గుడ్డ మాత్రం పిన్నికి చూపించకు" అన్నాను.

నవ్వలేదు. మూటలోంచి ఒక రొట్టె తీసింది. విరిచి కొరికింది. కరకరమంది.

"ఒక జేబు వంకరగా వస్తే మిల్లులో ఏం చేసేవాళ్ళమో తెలుసా?"

"విప్పేసేవాళ్ళా?"

"విప్పడానికి టైమేదీ? రెండోదాన్నీ అంతే వంకరగా కుట్టేవాళ్ళం. ఇంక అది వంకర అని ఎవడంటాడు?"

మెత్తగా ఉన్నవాటిని కూడా ఓవెన్లో పరిచి, పైవాటిలాగే బిగిసేదాకా ఉంచింది. తర్వాత అన్నిటినీ ముక్కలు చేసి సాల్సా, కోడి, మీగడ వరసలు వేసింది. ఉప్పు నాచేత వేయించింది. జున్ను తనే చల్లింది. జున్ను సమంగా పడటానికి ఆ వణుకే మంచిదన్నాను. ఈసారి గరిటెతో ఒకటి తగిలింది.

మూడింటికి బాబాయి, పిన్ని, పిల్లలిద్దరూ వచ్చారు. పిన్ని గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది.

"ఏదో మాడినట్టుందే అత్తయ్యా?"

నానమ్మ నావైపు చూసింది.

"నికొలాసా" అన్నాను.

తిన్నారు. ఎప్పుడూ బుదీన్ గరిటెలోంచి జారిపోయేది. ఆ రోజు ముక్కలు ముక్కలుగా నిలబడింది. పిన్ని రెండోసారి పెట్టించుకుంది, మూడోసారి తనే పెట్టుకుంది.

"రొట్టెలు మెత్తబడలేదేం అత్తయ్యా? ఏం చేశారు?"

"ముందే ఓవెన్లో పెట్టి ఎండబెట్టాలి."

"ఎంతసేపు?"

"వాసన వచ్చేదాకా."

గరిటె ఊసు ఎవరూ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు పిన్ని, "వచ్చే ఆదివారం జున్ను నేను తెస్తాలెండి, మీరు కొనకండి" అంది.

వాళ్ళు వెళ్ళాక నానమ్మ గుడ్డ నల్ల అంచు కత్తిరించి, మడిచి కుట్టింది. కుట్టు వంకరగా వచ్చింది. ఆ మాటే అన్నాను. గుడ్డ తిప్పి, ఎదుటి అంచునూ అంతే వంకరగా కుట్టింది.