పది పక్కవాడి ఎడమ బూటు

మా బాబాయి బూట్లు కుడతాడు. మామూలు బూట్లు ఎవరైనా కుడతారు. ఆయన కుట్టేది కాళ్ళు సరిగ్గా లేనివాళ్ళకి. ఒక కాలు పొట్టిదైనవాళ్ళు, పాదం వంకర తిరిగినవాళ్ళు, షుగరు వల్ల వేళ్ళు పోయినవాళ్ళు మా వీధి చివర రెండు మెట్లు దిగి ఆ గదిలోకి కుంటుతూ వస్తారు, నడుస్తూ వెళతారు. పరిగెత్తుతూ వెళ్ళినవాళ్ళు కూడా ఉన్నారని నేను చెబుతుంటాను. తొమ్మిదో తరగతిలో చదువుని వదిలేసిన దగ్గర్నుంచీ అక్కడే ఉన్నాను కనక నా మాట నమ్మక తప్పదు. ఈ సంగతి జరిగేనాటికి నాకు ముప్పై నాలుగేళ్ళు, బాబాయికి అరవై ఒకటి.

మ్యాచ్ ఉన్న రోజు బాబాయి వేరే మనిషి. మా ఆకుపచ్చ చొక్కాల క్లబ్బు స్టేడియంలో, గోలు వెనక గ్యాలరీ మొదటి వరసలో, మెడకి డ్రమ్ము తగిలించుకుని నిలబడతాడు. ఆయన కర్ర పడితేనే గ్యాలరీ నోరు తెరుస్తుంది. నాలుగు వేలమంది ముప్పై ఏళ్ళుగా ఆయన మణికట్టు వైపే చూస్తున్నారు. ఒకసారి ఆయన తుమ్మితే నాలుగు వేలమందీ తుమ్మారట. ఇది చెప్పింది ఆయన స్నేహితుడు, కళ్ళద్దాల షాపాయన. ఆయన్ని అందరూ రిఫరీ అంటారు. ఊరందరికీ చూపు అమ్ముతాడు, తనకి మాత్రం ఎదురుగా పడ్డ గోలు కనపడదు.

మా శత్రువులు నది అవతల ఎర్రచొక్కాలవాళ్ళు. వాళ్ళలో పదకొండో నంబరు వేసుకున్న ఒకడుండేవాడు. ఎడమకాలి ఆటగాడు. ఎడంకాలితో తన్నడమని లోకులు మాటవరసకి అంటారు. మమ్మల్ని నిజంగానే తన్నాడు. పదహారేళ్ళ కిందట సీజను ఆఖరి మ్యాచ్, ఆఖరి నిమిషం. డ్రా అయితే చాలు, పై డివిజన్‌లో ఉండిపోతాం. వాడు ఇరవై గజాల నుంచి కొట్టాడు. మరుసటి ఏడాదికి అది ఇరవై అయిదు గజాలైంది. ఇప్పుడు రిఫరీ చెప్పేదాని ప్రకారం వాడు బస్టాండులో నిలబడి కొట్టాడు. కొట్టి, మా గ్యాలరీ ముందుకొచ్చి, పెదాల మీద వేలు పెట్టి ఉష్ అన్నాడు. మేం కింది డివిజన్‌కి పోయి, తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాం.

ఆనాటి నుంచి మావాళ్ళు ఆ అంకె పలకరు. వాణ్ణి 'పది పక్కవాడు' అంటారు. పుట్టినరోజు పదకొండున పడితే పన్నెండున చేసుకుంటారు. షాపులో కూడా అదే నియమం. నెలలో వచ్చే ప్రతి ఆర్డరుకీ వరస నంబరు వేస్తాం. కాగితం మీద గీసిన పాదం గీతకీ, చెక్క అచ్చుకీ అదే నంబరు. పది తర్వాత వచ్చేదానికి మాత్రం మళ్ళీ పదే వేసి, పక్కన పెన్సిలుతో చుక్క పెడతాం. అసలు చిక్కంతా ఆ చుక్కతోనే వచ్చింది.

వాడు ఆట మానేసి ఏడేళ్ళయింది. మా గోల్‌కీపరు, అదే, ఆ గోలు తిన్నవాడు, జబ్బుచేసి పోయినప్పుడు అంత్యక్రియలకి ఒంటరిగా వచ్చి, వెనక గోడ పక్కన గంటసేపు నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మావాళ్ళకి అది మింగుడు పడలేదు. తిట్టడానికి వీలుకాదు, మెచ్చుకోడానికి నోరు రాదు. చివరికి ఆ మాటే ఎవరూ ఎత్తకుండా వదిలేశారు.

ఒక మంగళవారం పొద్దున వాడే కర్ర సాయంతో మా రెండు మెట్లూ దిగాడు.

"మేస్త్రీ ఉన్నారా?"

బాబాయి తలెత్తాడు. ఆయన చేతిలో ఆరె ఉంది, తోలుకి చిల్లులు పొడిచేది. నేనైతే చిల్లు ఎక్కడ పడబోతోందా అని చూస్తున్నాను.

"కూచోండి," అన్నాడు బాబాయి. "ఏ కాలు?"

ప్రపంచమంతటికీ తెలుసు ఏ కాలో.

"ఎడమది," అన్నాడు వాడు. "చీలమండలో కీలు బిగిసిపోయింది. సూదులు వేయించుకుని ఆడేవాణ్ణి కదా, ఇప్పుడు వడ్డీతో సహా కడుతున్నా. మీ క్లబ్బువాళ్ళు పిలిచారు మేస్త్రీ. కొత్త గ్యాలరీ తెరిచే రోజు మొదటి తన్ను నన్ను తన్నమన్నారు. గేటు దగ్గర్నుంచి మైదానం మధ్యకి అరవై అడుగులు వెయ్యాలి. కర్రతో వెళ్ళడం నాకిష్టం లేదు."

"ఎందుకు?"

"మీవాళ్ళ ముందు కుంటలేను."

బాబాయి ముక్కాలిపీట మీద కూచుని వాడి మేజోడు తీశాడు. పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో మడమ చుట్టూ నొక్కి చూశాడు. కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పాడు. కొలతలు చెబుతుంటే నేను రాశాను. వాడు ఆ నెలలో పది తర్వాతి ఆర్డరు. ఇదొక్కటి నేను కల్పించలేదు, ఒట్టు. అలవాటుగా పది వేసి చుక్క పెట్టాను.

సాయంత్రం ఇంట్లో పిన్ని అడిగింది. "ఆ పాదం చేత్తో పట్టుకుంటే ఎట్లా అనిపించిందండీ?"

"చల్లగా ఉంది."

"పాదం సంగతి కాదు. మీకు?"

బాబాయి తన వేళ్ళు తిప్పి చూసుకున్నాడు. "ఏమీ అనిపించలేదే. పదహారేళ్ళు వాణ్ణి తిట్టుకోని రోజు లేదు. ఇవాళ వెతికితే ఒక్క తిట్టూ దొరకలేదు. సూది గుచ్చుకుని గుచ్చుకుని వేలు మొద్దుబారుతుంది చూడు, అట్లా ఉంది."

పిన్ని ఆయన వేళ్ళ వైపు చూసి, నీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది.

మర్నాటికల్లా గ్యాలరీకి సంగతి తెలిసిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు, రిఫరీకి తప్ప. ఆయన షాపులోకి వస్తూనే మొదలుపెట్టాడు.

"ఏం బావా, శత్రువుకి చెప్పులు మోస్తున్నావట?"

"బూటు. ఒకటే."

"ఆ రోజు డ్రమ్ము మీద ఏం కొడతావో చెప్పు. ఎగతాళిగా ఈల వేయించేది కొడతావా, చప్పట్ల దరువా? కుర్రాళ్ళు ఈల అంటున్నారు. పెద్దవాళ్ళు కీపరు చావుకొచ్చాడు కదా అంటున్నారు. నన్నడిగితే..."

"నువ్వేమంటావు?"

రిఫరీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వాడి ఫోటో ఒకటి నా బీరువాలో ఉంది బావా. పేపర్లోంచి కత్తిరించింది. మా ఆవిడకి కూడా తెలీదు. అట్లాగని ఈల వెయ్యననుకోకు, గట్టిగానే వేస్తా."

బాబాయి మైనం రాసిన దారం పళ్ళతో తెంపాడు.

పన్నెండు రోజులు కుట్టాడు. మడమ కింద కార్కు ముక్కలు పేర్చి, ఆకురాయితో అరగదీసి, చేత్తో తడిమి, మళ్ళీ అరగదీశాడు. వేరే ఏ బూటుకీ అంతసేపు కూచోలేదు. వాడొచ్చి తొడుక్కుని, గది ఈ మూల నుంచి ఆ మూలకి ఆరడుగులు వేశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది. అయినా "బాగుంది మేస్త్రీ," అని, పెట్టె కూడా తీసుకోకుండా, బూటు తొడుక్కునే వెళ్ళిపోయాడు.

గంట తర్వాత పదో నంబరు ఆర్డరాయన వచ్చాడు. రిటైరైన పోస్ట్‌మాన్, ఆయనదీ ఎడమకాలే. బూటు తొడుక్కుని లేచి నిలబడి, "ఇదేంటి, మెట్టెక్కినట్టుంది?" అన్నాడు.

బాబాయి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. రెండూ పది. ఒకదాని మీద గమ్ము ఒలికి చుక్క మాయమైంది. పొడవు రెండూ ఒకటే, ఎత్తులే వేరు. పన్నెండు రోజులూ ఆయన ఒకరి అచ్చుకి ఇంకొకరి ఎత్తు కార్కు అరగదీశాడు, రెండు బూట్లూ మార్చుకున్నా ఎవరికీ పనికిరావు.

తిడతాడనుకున్నాను. నేను చుక్క ముదురుగానే పెట్టానని చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన షట్టరు దించి, "పద," అన్నాడు.

పదహారేళ్ళలో బాబాయి నది మీది వంతెన దాటడం నేను చూడలేదు. అవతల పిన్ని చెల్లెలి పెళ్ళికి కూడా జ్వరమని పడుకున్నాడు. ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూచుని, నదిని మామూలు నదిని చూసినట్టే చూశాడు.

వాడుండేది అపార్టుమెంటులో, మూడో అంతస్తు. తలుపు తీసినవాడి ఎడమకాలికి బూటు ఇంకా ఉంది. మేజోడు అంచు ఎర్రగా తడిసింది.

"విప్పండి ముందు," అన్నాడు బాబాయి గుమ్మంలోంచే. "అది మీది కాదు. తప్పు జరిగింది."

వాడు బాబాయి మొహంలోకి చూశాడు. "తప్పా? తెలిసే చేశారనుకున్నాను."

"తెలిసి చెయ్యడమేంటి?"

"ఆ డ్రమ్ము మీదేనని నాకు తెలుసు మేస్త్రీ. మీ గ్యాలరీ మొహాలు నేను మర్చిపోలేదు. సరే, మీకా హక్కుందిలే, అరవై అడుగులేగా, ఓర్చుకుందామనుకున్నా. అందుకే అలవాటు చేసుకుంటున్నా."

బాబాయి గుమ్మం దాటి లోపలికొచ్చాడు.

"కావాలంటే నలుగురిలో మిమ్మల్ని తిడతాను. మీ క్లబ్బు నదిలో కొట్టుకుపోవాలని కోరుకుంటాను. అంతేగానీ బూటు తప్పుగా కుడతానా? నలభై ఏళ్ళుగా చేస్తున్నాను ఈ పని!"

ఆయన గొంతు పెరగడం ఆ మొత్తం వ్యవహారంలో అదొక్కసారే. గోలు పడ్డ రోజు కూడా అంత నొచ్చుకోలేదు.

వాడు కిందికి చూశాడు. "పొరపాటు పడ్డాను. ఏమీ అనుకోకండి."

"కూచోండి." బాబాయి నేల మీదే మోకాళ్ళ మీద కూచుని బూటు లాగాడు. మడమ తోలు లేచిపోయింది. బాత్రూములోంచి గుడ్డ తడిపి తెమ్మని నన్ను పంపాడు. కొత్తగా పాదం గీత గీసి, కాగితం మూలన తన చేత్తోనే రెండు ఒకట్లు వేశాడు. పదకొండు. నేను ఏదో జరుగుతుందని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఉష్ అన్నది," అన్నాడు వాడు కొంచెం ఆగి, "మీ గ్యాలరీని కాదు, మా కోచ్‌ని. ఆ వారమంతా నన్ను..."

"ఇప్పుడెందుకులెండి అది. మేజోళ్ళు మందంగా వేస్తారా, పల్చగా వేస్తారా?"

"మందంగా."

"ఆ రోజు కూడా అవే వేసుకోండి."

బస్సులో నేను ఆగలేకపోయాను. "నిజంగా కోచ్‌నే అన్నాడంటావా బాబాయ్?"

"ఏమో రా. ఎవర్నంటే ఏం, కిందికి పోయాంగా."

గ్యాలరీ తెరిచే రోజులోపు కొత్త బూటుకి తొమ్మిది రోజులే ఉన్నాయి. ఎనిమిదో రోజుకి పూర్తయింది. వాడు షాపులో ఆరడుగులు వేసి, మళ్ళీ ఆరు వేశాడు. ఈసారి మొహం రంగు మారలేదు. "ఎట్లా ఉంది?" అంటే, "ఇంకా నాదిలాగా లేదు. నెప్పి మాత్రం లేదు," అన్నాడు.

కొత్త గ్యాలరీ పెయింటు వాసన కొడుతోంది. మొదటి వరసలో బాబాయి డ్రమ్ముతో, పక్కన నేను, నా పక్కన రిఫరీ వేళ్ళు నోట్లో పెట్టుకుని సిద్ధంగా. మైకులో వాడి పేరు చెప్పారు. వాడు గేటులోంచి చేతిలో కర్ర లేకుండా బయటికొచ్చాడు.

నాలుగు వేలమందీ బాబాయి మణికట్టు వైపు చూశారు.

బాబాయి వాడి మడమ వైపు చూస్తున్నాడు. ఒకటి, రెండు అని పెదాలు కదులుతున్నాయి. కర్ర గాలిలోనే ఉంది. పదో అడుగుకి రిఫరీ గొణిగాడు, "బావా, కొట్టు." ఇరవయ్యో అడుగుకి వెనకనుంచి ఎవరో "ఏం కొట్టాలో చెప్పు అన్నా!" అని అరిచారు. బాబాయికి అవేమీ చెవికెక్కలేదు. ఆయన మెడ ముందుకి సాచి, వాడు ఎడమకాలు ఎత్తినప్పుడల్లా ఊపిరి పట్టి, దించినప్పుడు వదులుతున్నాడు. దరువు లేదు కనక ఈల లేదు, చప్పట్లూ లేవు. నా జన్మలో ఆ గ్యాలరీ అంత నిశ్శబ్దంగా ఉండగా చూడలేదు. వాడొకసారి తలెత్తి మావైపు చూసి, మళ్ళీ నడిచాడు. అరవై రెండు అడుగులు. బంతిని కుడికాలితో మెల్లగా తన్నాడు.

మర్నాడు పేపర్లలో ఒకటి, శత్రువుకి ఇంతకంటే గొప్ప మౌన గౌరవం ఉండదని రాసింది. ఇంకొకటి, ఇంతకంటే ఘోరమైన అవమానం ఉండదని రాసింది. గ్యాలరీలో కూడా సగంమంది ఇటు, సగంమంది అటు, మొన్నమొన్నటిదాకా కొట్టుకుంటూనే ఉన్నారు. రిఫరీ ఆటయ్యాక మెట్ల దగ్గరే నిలదీశాడు.

"ఎందుకు కొట్టలేదు బావా? మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా? ఏదో ఒకటి చెప్పు, జనం నన్నడుగుతారు."

"నలభయ్యో అడుగు దగ్గర మడమ బయటికి వాలింది," అన్నాడు బాబాయి. "చూశావా?"

"నాకేం కనపడుతుంది!"

"వాలింది. కార్కు ఒక పొర తియ్యాలి."

మంగళవారం వాడొచ్చాడు. బాబాయి పాదం ఒళ్ళోకి తీసుకుని, బూటు విప్పి, ఆకురాయి అందుకున్నాడు. మ్యాచ్ మాట ఇద్దరూ ఎత్తలేదు. గదంతా కార్కు పొడి రాలింది, నేను ఊడ్చాను.