ఖాళీ లారీ త్వరణం

మా చిన్నప్పుడు... పటాన్‌చెరు దగ్గర బొంబాయి రోడ్డు దాటడమంటే రోజూ ఒక గండమే. ఊరు ఇటువైపు, కంపెనీలూ మా బడీ అటువైపు. కూలికి పోయే ఆడవాళ్లు సద్ది గిన్నెలు పట్టుకుని రోడ్డు పక్కన గుంపుగా నిలబడేవాళ్లు. వాళ్లందరికీ మా మేనత్తే పెద్దదిక్కు. ఆమె అడుగు వేస్తేనే మిగతావాళ్లు వేసేవాళ్లు.

ఇనుప కంపెనీ నుంచి లోడుతో వచ్చిన లారీలు గేటు బయట రోడ్డు మీద కాసేపు ఆగేవి. అత్త సరిగ్గా అలా ఆగిన లారీ ముందు నుంచే మమ్మల్ని దాటించేది.

"ఉరికే బండిని నమ్మొద్దు. నిలబడ్డ బండి ముందటికెళ్లి నడువుర్రి. లోడు మీదున్నది లేవనీకి జెర సేపు పడ్తది."

ఎడ్లబండి తోలిన మనిషి ఆమె. నిండు బండిని కదిలించడానికి ఎడ్లు ఎంత గింజుకుంటాయో తెలుసు. లోడు లారీ కూడా అంతే... మూలుగుతూ కదిలేలోపు మేమంతా అటు చేరిపోయేవాళ్లం.

ఒక ముసురు రోజు గేటు బయట లారీ ఆగి ఉంది. పైన టార్పాలిన్ కప్పి ఉంది. అత్త ఆగి, దాని వైపు చూసింది. మమ్మల్ని ముందు పంపి తను చివర అడుగేసింది. ఆ లారీ మూలగలేదు... ఒక్క ఊపున లేచింది. సరుకు దించేసి పోతున్న ఖాళీ బండి అది. నేను అటు ఒడ్డున నిలబడి అంతా చూశాను.

అత్త శవాన్ని ఇంకా తీయకముందే కంపెనీ మేస్త్రీ వచ్చి, చూసుకోకుండా దాటితే ఇంతే అవుతుందన్నాడు. ఊరివాళ్లూ అదే అన్నారు. రోజూ ఆమె వెనక నడిచిన ఆడవాళ్లు కూడా అన్నారు, నాకు వాళ్ల మీదే ఎక్కువ మంట. అత్తకు తమ్ముడైన మా బాపు తల వంచుకుని విన్నాడు. ఆ తర్వాత ఎవరడిగినా "మా అక్క జెర సూసుకోలే" అనడం మొదలుపెట్టాడు.

మరుసటి ఏడాది తొమ్మిదో తరగతిలో సారు త్వరణం పాఠం చెప్పారు. ఎంత జోరుగా పోతోందో చెప్పేది వేగం, ఆ జోరు ఎంత తొందరగా పెరుగుతోందో చెప్పేది త్వరణం అన్నారు. ఇంజను బలం అదే అయినా బరువు తగ్గితే త్వరణం పెరుగుతుందట. అందరూ రాసుకున్నారు. నాకు ఆ లారీయే గుర్తొచ్చింది... ఆగి ఉన్నప్పుడు నిండు లారీకీ ఖాళీ లారీకీ వేగం సున్నాయే కదా. కప్పేసిన బండిలో ఏముందో ఏ కంటికి కనిపిస్తుంది?

సాయంత్రం బాపుకు చెప్పాను.

"ఖాళీ బండి అని తోలెటోనికి ఎర్కే గద బిడ్డా. ఒక్కపారి హారన్ కొడ్తె ఏం పోయేది?"

బాపు ఆ తర్వాత అక్కను ఎప్పుడూ తప్పుపట్టలేదు.

ఇప్పుడు అక్కడ రోడ్డు వెడల్పయింది. మధ్యలో గోడ కట్టారు, పైన నడిచే వంతెన వేశారు. మంచిదే... ఎంతమంది పోయాక వేశారో మాత్రం ఎవరూ చెప్పరు. పేపర్లో ఇప్పటికీ 'అజాగ్రత్తగా రోడ్డు దాటుతుండగా' అని రాస్తారు. చదివినప్పుడల్లా ఒళ్లు మండిపోతుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి నింద మోసుకుని పోయినవాళ్లు ఉంటే, వాళ్ల పేరు కింద రాయండి. మా అత్త పేరు సత్తెమ్మ. ఆమె చూసే దాటింది.