టీవీలో కనపడని చేతులు

మిర్యాలగూడలో నేనుండే కిరాయి గదిలో ఒక చెప్పుల డబ్బా ఉండేది. మూతకు చిల్లులు పొడిచి, లోపల చిన్న కెమెరా బిగించి, పొడుగాటి పనిముట్లు దూర్చి, కంప్యూటర్ తెర మీద చూసుకుంటూ స్పాంజి ముక్కకు ముడులు వేసేదాన్ని. పొట్ట కోయకుండా చేసే ఆపరేషన్‌లో దారం లోపల, చేతులు బయట. చెయ్యి కుడికి జరిపితే తెర మీద కొస ఎడమకు పోతుంది. మొదట్లో ఏడుపొచ్చేది. ఆ ఊళ్లోనే సర్జన్‌గా ఉన్న సార్ దగ్గర అసిస్టెంటుగా చేరినప్పుడు ఆయన ఒక మాటిచ్చారు, ముడి చేతికొచ్చిన రోజున ఆపరేషన్ నాకే ఇస్తానని. ఆ మాట నమ్ముకునే ఏళ్ల తరబడి ఆయన పక్కన కెమెరా పట్టుకుని నిలబడ్డాను.

ముడి అంటే మొదటి చుట్టు ఒకవైపు, రెండోది ఎదురువైపు, మూడోది మళ్లీ మొదటివైపు. అన్నీ ఒకేవైపు వేస్తే చూడటానికి ముడిలాగే ఉంటుంది గానీ నిలవదు, జారిపోతుంది.

ఒకరోజు పాలకీడు నుంచి ఒక రైతును తెచ్చారు. లోపల పుండు పగిలి పేగుకు చిల్లు పడింది. మా థియేటర్ బయట ఒక టీవీ ఉండేది. లోపల ఆపరేషన్ జరుగుతుంటే ఇంటివాళ్లు అందులో చూసేవాళ్లు. సార్‌కు అదో గొప్ప. ఆ పూట ఆయనకు కోదాడలో ఇంకో కేసు ఉంది, తొందర మీదున్నారు. ఆఖరి ముడికి రెండే చుట్లు, అవీ ఒకేవైపు వేశారు. కెమెరా నా చేతిలోనే ఉంది, నా కళ్లముందే జరిగింది. ఇంకో చుట్టు వేద్దామా సార్ అని మెల్లగా అడిగాను. చాలన్నారు. దారం కత్తిరించేశారు.

రెండ్రోజులు గడవకముందే ఆ కుట్టు ఊడింది. ఒళ్లు కాలిపోతోంది, పొట్ట రాయిలా బిగుసుకుంది. చివరికి పొట్ట కోసి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. చావు తప్పింది. ఊడిన ముడి మేడం వేసిందని సార్ ఆ రైతు భార్యతో చెప్పారట. నాకు వార్డు సిస్టర్ చెప్పేదాకా తెలియదు. టీవీలో కనిపించేవి పనిముట్లే కదా, పట్టుకున్న చెయ్యి ఎవరిదో వాళ్లకేం తెలుసు? ఎన్నడూ నా చేతికివ్వని ఆపరేషన్‌ను తీరా చెడ్డాక నా నెత్తిన రుద్దారు.

రైతును ఇంటికి పంపేరోజు ఆమె నా దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నేర్సుకునేటప్పుడు గిట్లనే అయితది బిడ్డా. మనిషి దక్కిండు, గంతే సాలు. నీ మీద నాకు కోపం లేదు."

సార్ పక్కనే మందులు రాస్తున్నారు. ఒక్క మాట అంటారేమోనని చూశాను, తలెత్తలేదు. ఇక ఆగలేక, ఆ ముడి నేను వేయలేదమ్మా అన్నాను.

ఆమె సార్ వైపు చూసింది. ఆయన ఓపికగా నవ్వారు. ఆమె నా చెయ్యి వదిలేసింది.

"నేనేమన్న అన్ననా మేడం? పానం నిలవెట్టిన సారు మీదికి నూకుతవెందుకు?"