ప తలకట్టు కింది సందు

సూరత్ బమ్రోలిలో మా భజన మందిరం ముందుగోడ మీద గురువుగారి మాట రాయించాలని పట్టుబట్టింది నేనే. "పరం కోరు." మగ్గాల చప్పుడు ఇంకా చెవుల్లో మోగుతుండగా వచ్చి కూర్చున్న మాకు, గీత తెరిచే ముందు ఆయన ఆ మాటే చెప్పేవారు. పరమంటే ఈ కూలీనాలీ, లాభనష్టాలు దాటినది. దేవుణ్ణి అడిగితే దాన్నే అడగాలి అని. ఆయన పోయాక ఆ మాట గోడ మీదైనా నిలవాలనుకున్నాను.

అక్షరాలు మా బిడ్డ గీసింది. చీరల డబ్బాల మీద పేర్లు గీయడం దాని ఉద్యోగం. గిన్నె బోర్లించి గీసినంత గుండ్రంగా, ఇటుకల్లా లావుగా గీసి, రంగు అద్దడానికి అట్టలో కోసింది. బట్టల బేళ్ల మీద మార్కా కొట్టే కోత రేకులు చూసిన కళ్లే నావి. కానీ తెలుగు అంత ఠీవిగా నిలబడటం సూరత్‌లో అదే మొదటిసారి చూశాను. అయితే ర మధ్యలో, సున్న మధ్యలో సన్నటి పట్టీలు వదిలింది.

"సున్నను గిట్ల రెండు చెక్కలు చేసినవేంది బిడ్డా?"

"చెయ్యకుంటే నడిమి ముక్క ఊడి పడ్తది బాపూ. సున్న పోయి మచ్చ మిగుల్తది. ప ఒక్కదానికే నా పట్టీ అక్కర్లే. దాని తలకట్టు ముందుగాలనే ఎడంగ ఉంటది."

ఆ మాట నాకెంతో నచ్చింది. పైకి తెరిచి ఉన్న అక్షరంతోనే పరం మొదలవుతుందని ఆ పూట భజనలో చెప్పాను కూడా.

రంగు అద్దిన మర్నాడు మా భజన మండలి పెద్ద గోడ చూసి మొహం చిట్లించాడు. "తమ్మీ, పగిలిన విగ్రహానికి మొక్కుతమా? పగిలిన అక్షరానికి ఎట్ల మొక్కుతం?"

అక్షరమంటేనే నశించనిదని చెప్పబోయాను.

"నీ పురాణం తర్వాత చెప్పు. జర ఆ సందులు పూడిపియ్యి." అందరూ ఆయన వైపే తలలూపారు.

పెయింటర్ గుజరాతీ ఆయన. తెలుగు ఒక్క ముక్క రాదు. నేను మిల్లు నుంచి వచ్చేసరికి కుంచె కడుగుతున్నాడు. "సబ్ భర్ దియా భాయ్, ఏక్ భీ ఖాలీ నహీ" అన్నాడు గర్వంగా. నిజమే, ఒక్క సందూ వదల్లేదు, పకు పుట్టుకతో ఉన్న సందుతో సహా. తలకట్టు కిందికి అతుక్కుని ప కాస్తా వ అయింది.

"వరం కోరు."

మండలి పెద్దను చెయ్యి పట్టి తీసుకొచ్చాను. కూడబలుక్కుని చదివి పగలబడి నవ్వాడు. "మంచిగనే కుదిరింది కద! పరం ఎవనిక్కావాలె తమ్మీ? వరమంటే నలుగురొస్తరు." బిడ్డ మళ్లీ అట్ట తెచ్చింది, ఆ ఒక్క అక్షరం దిద్దుతానంది. "ఉన్నదాన్ని కెలకకు" అని మండలి వాళ్లు పంపేశారు.

నలుగురూ నిజంగానే వస్తున్నారు. గోడ కింద కొబ్బరికాయ కొట్టి ఒకరు కొత్త మగ్గం అడుగుతారు, ఒకరు డబ్బున్నోళ్లుండే అడాజన్‌లో ఫ్లాటు అడుగుతారు. మొన్న ఊరి నుంచి కొత్తగా వచ్చినాయనకు మా పెద్ద నన్ను చూపించాడు. "వీళ్ల గురువుగారి మాటనట. ఈయననే రాయించిండు."

"అది వ కాదు, ప" అన్నాను.

ఆ కొత్తాయన గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "వనే కదన్నా" అన్నాడు జాలిగా, నాకు చదువు రాదనుకుని.