మూడు ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు

ఆదివారం సాయంత్రం నాలుగుంపావు. వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తుంటే ఫోన్‌కు వీడియో వచ్చింది. మా తమ్ముడు రాజును చేర్పించిన మానసిక చికిత్స కేంద్రం వాళ్లు ప్రతి ఆదివారం పంపే వీడియో. రాజు అన్నం తింటున్నాడు. పళ్లెం అంచు మీద ఒక ఈగ. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. రెండు మణికట్ల చుట్టూ ఎర్రగా కమిలిపోయిన చారలు. ఎడమ చేతి ఎముక మీద వాపు. దాని కింద పచ్చ గుడ్డ పీలిక ఒకటి వేలాడుతోంది.

నా భుజం మీదుగా చూస్తున్న ఐదేళ్ల నా కూతురు, "అమ్మా, మామ చేతులకు ఏమైంది?" అంది.

కత్తి అక్కడే వదిలేసి లేచాను.

దయ్యాలను, గాలి సోకడాన్ని నేను ఏనాడూ నమ్మలేదు. ఈ సంగతి జరిగాక కూడా నమ్మడం లేదు. రాజు మూడేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాక నిద్రపోవడం మానేశాడు. గోడల్లోంచి ఎవరో తన మాటలు వింటున్నారనేవాడు. లక్సెట్టిపేటలో మా పుట్టింట్లో అవ్వ తాయెత్తు కట్టిద్దామంది. నేనే కోప్పడ్డాను. డిగ్రీ చదివినదాన్ని కదా, ఇది జబ్బు, డాక్టరుకు చూపాలన్నాను. కరీంనగర్ అవతల ఉన్న ఆ కేంద్రాన్ని వెతికింది నేనే. తండ్రిగా బాపు నా మాట మీద సంతకం పెట్టాడు.

చేర్చుకునేటప్పుడు వాళ్లు ఒక చీటీ ఇచ్చారు. సబ్బు, పళ్లెం, నాడా లేని పైజామాలు, ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు మూడు. నడి ఎండాకాలం. ఫుల్‌హ్యాండ్స్ ఎందుకని అడిగితే దోమలు కుడతాయన్నారు. ఎంత శ్రద్ధ అనుకున్నాను. మంచిర్యాల బజారులో నాలుగు దుకాణాలు తిరిగి, మెత్తటి నూలువి ఏరి కొన్నాను. నెల రోజులు ఇంటివాళ్లు కలవకూడదని, కలిస్తే బెంగ పెట్టుకుంటాడని చెప్పారు. దానికీ తలూపాను. చదువుకున్నవాళ్లం కాబట్టి రూల్ అంటే నోరు మూసుకుంటాం.

అది మూడో ఆదివారం. ఫోన్ చేస్తే, బాగున్నాడు, వీడియో పంపాం కదా అని పెట్టేశారు. మా ఆయన శ్రీరాంపూర్ బొగ్గు గనిలో రెండో షిఫ్టులో ఉన్నాడు. ఫోన్ అందదు. పిల్లలిద్దరినీ పక్కింట్లో వదిలి, కిరాయి కారు మాట్లాడుకుని, లక్సెట్టిపేటలో బాపును ఎక్కించుకుని పోయాను. దారి పొడుగునా ఫోన్‌ను మళ్లీ తెరవలేదు. చూసే ధైర్యం లేదు.

గేటు దగ్గరే మేనేజర్ ఆపాడు. పేషెంట్లు పడుకున్నారన్నాడు. అప్పటికి ఇంకా పూర్తిగా చీకటి పడలేదు.

"వీడియో చూసిండ్రు కద మేడం. ఇంకేం గావాలె?"

"వాని చేతులు చూడాలె," అన్నాను.

అతను అక్కడ ఉన్న వార్డుబాయ్ వైపు చూశాడు. లోపల ఉన్నది దాచుకునేవాడి చూపు అది. పెద్ద డాక్టరు లేకుండా కుదరదని, నెల పూర్తి కాలేదని ఏవో చెప్పసాగాడు.

మా బాపు ఎవరితోనూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కూడా గొంతు పెంచలేదు.

"నా దస్కత్‌తోని తోల్కొచ్చిన. ఇంకో దస్కత్ పెట్టి తోల్కపోత. కాయితం తే."

రాజును తీసుకొచ్చారు. చొక్కా గుండీలు మణికట్ల దాకా పెట్టి ఉన్నాయి. నేనే విప్పి మడిచాను. అవే చారలు. ఎడమ చేతి ఎముక మీద అదే వాపు. పచ్చి పుండులో పచ్చ గుడ్డ పోగులు అతుక్కుపోయి ఉన్నాయి.

"అన్నం తినేటప్పుడు ఇప్పుతరక్కా," అన్నాడు రాజు. "తిన్నంక మళ్ల మంచానికి కడ్తరు."

మేనేజర్ మాత్రం, రాజు లొల్లి చేశాడని, రాత్రి డ్యూటీకి ఇద్దరే మనుషులుంటారని, ఏం చేయమంటారని నన్నే అడిగాడు. తర్వాత తన ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. చూడండి ఎంత బాగున్నాడో అన్నాడు.

అదే వీడియో. అదే పళ్లెం, దాని అంచు మీద అదే ఈగ. రాజు చొక్కా చేతులు కిందికి దించి, గుండీలు పెట్టి ఉన్నాయి. మణికట్టు అనేదే కనిపించడం లేదు.

నా ఫోన్ తెరిచాను. అందులోనూ అంతే. బాపుకు చూపించాను. ఆయన రెండుసార్లు చూసి, రాజు చెయ్యి పట్టుకుని కారు వైపు నడిచాడు.

వీడియో తీసే ముందు వార్డుబాయే గుండీలు పెడతాడని రాజు తర్వాత చెప్పాడు. ఆ రోజు చేతులు మడవనే లేదన్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే తెలిసినాయనకు చూపించాను. వీడియో ఒక్కసారే వచ్చింది, మారలేదన్నాడు. అక్కవు కాబట్టి భయంతో అట్లా అనిపించిందని చాలామంది అన్నారు. అనిపించిందే అనుకుందాం. కొన్నాళ్ల తర్వాత, నేనేమీ అందించకుండా, ఆ రోజు ఫోన్‌లో ఏం చూశావని కూతురిని అడిగాను. మామ చేతికి పచ్చ గుడ్డ ఉందంది.

నాకు అర్థం కానిది అది. నాకు కోపం తెప్పించేది వేరే.

ఫిర్యాదు ఇచ్చాను. రుజువు అడిగారు. పుండ్ల ఫొటోలిచ్చాను. తనే గీరుకున్నాడని కేంద్రం వాళ్లు రాసిచ్చి, బాగున్నాడనడానికి ఆ వీడియోనే జతచేశారు. గొలుసులతో కట్టడం చట్టం ఒప్పుకోదు కదా అంటే, "గొలుసు గాదు కద మేడం, గుడ్డ," అన్నాడు ఒక అధికారి. ఇంటికొచ్చి చట్టం చదివాను. వేరే దారే లేనప్పుడు మాత్రమే కట్టాలి. డాక్టరు ఒప్పుకోవాలి, రిజిస్టర్లో రాయాలి, ఇంటివాళ్లకు చెప్పాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. తనిఖీకి వచ్చినవాళ్లు ముందురోజే ఫోన్ చేసి చెప్పి వచ్చారు. కొత్త దుప్పట్లు చూసి, అంతా సవ్యంగా ఉందని రాసి పోయారు. ఆ గేటు ఇప్పటికీ తెరిచే ఉంది. ఎవరో ఒక అక్క ఇవాళ కూడా ఆ చీటీ పట్టుకుని బజారులో చొక్కాలు ఏరుతూ ఉంటుంది.

రాజు ఇప్పుడు సర్కారు దవాఖానలో చూపించుకుంటున్నాడు. అక్కడి డాక్టరమ్మ మొదటి రోజు వాణ్ణి కూర్చోబెట్టి, ఏం తిన్నావని అడిగింది. వాడు ఏడ్చాడు. మందులు పనిచేస్తున్నాయి. పూర్తిగా తగ్గిందని చెప్పను.

వాణ్ణి తెచ్చిన మర్నాడు పొద్దున, ముందు గదిలో వాడు నిద్రపోతుంటే పిల్లలు తలుపు దగ్గర నిలబడ్డారు. చేతులకు కట్లు చూశారు. మామకు పిచ్చా అని ఎనిమిదేళ్ల కొడుకు అడిగాడు. కిందపడ్డాడని చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"మామకు మనసుల బీమారైంది. మందులేసుకుంటె తగ్గుతది. రేపు నాకైన రావచ్చు. అప్పుడు నన్ను దవాఖానకు తోల్కపోండ్రి, భయపడకుండ్రి. గాని, మీ అమ్మ మంచిగుందని ఎవ్వలు చెప్పినా, ఏం చూపెట్టినా, లోపలికొచ్చి నా పక్కన కూసునేదాక ఇంటికి పోవద్దు."